డ్రిల్లు పీరియడ్‌కి మార్కులేంటి అన్నావు కదా నాన్నా

అయోవా,
అక్టోబర్

నాన్నా,

ఆదివారం నువ్వు అడిగినదానికి జవాబు చెప్పేలోపే అమ్మ ఫోన్ లాక్కుంది. "డిగ్రీ పిల్లలకి డ్రిల్లు పీరియడేంటి, దానికి మార్కులేంటి" అన్నావు. జడ్పీ హైస్కూల్లో పీఈటీగా రిటైరైన నీకే ఆ అనుమానం వచ్చిందంటే తీరిగ్గా రాయాల్సిందే అనిపించింది.

ఇక్కడి అమెరికా యూనివర్సిటీలో డిగ్రీ పిల్లలకి నేను చెప్పే ఈ వ్యాయామం క్లాసు ఒక క్రెడిట్ కోర్సు, అంటే డిగ్రీ లెక్కలో చేరేది. వారంలో ఒక క్లాసు జిమ్‌లో, ఒకటి బోర్డు ముందు. నా పీహెచ్‌డీ ఫీజు మాఫీ చేసి, నెలకింత జీతమిచ్చి, బదులుగా ఈ సెక్షన్లు చెప్పిస్తున్నారు. బాగా ఆడే పిల్లలు దీనికి రారు. వాళ్లకి సొంత కోచ్‌లు, సొంత జిమ్‌లు ఉంటాయి. నా దగ్గరికి వచ్చేది మీ గ్రౌండులో వేపచెట్టు కింద కూర్చునే రకం. కడుపునొప్పని చీటీ తెచ్చుకునేవాళ్లు, ఖోఖోలో ఏ జట్టూ కోరుకోనివాళ్లు. నువ్వు మండలం పోటీలకి జట్టు తయారుచెయ్యాలి, స్కూలంతటికీ నువ్వొక్కడివే. వాళ్ల సంగతి చూసే తీరిక నీకెక్కడిది? తప్పుపట్టడం లేదు. కానీ నలభై దాటాక సుగరూ బీపీ అని ఆస్పత్రుల చుట్టూ తిరిగేది ఎక్కువగా వాళ్లే కదా. నా ఉద్యోగమంతా ఆ చెట్టు కిందవాళ్లతోనే.

మార్కులంటావా, ఎవరు ఎంత వేగంగా పరిగెత్తారన్నదానికి లేవు. మొదటి వారం ఎలా ఉన్నారు, చివరి వారం ఎలా ఉన్నారు, ఏ కదలిక సరిగ్గా నేర్చుకున్నారు, డైరీ రాశారా లేదా, అంతే. నువ్వు వంద మీటర్ల టైములు అసెంబ్లీలో చదివేవాడివి గుర్తుందా? ఇక్కడ ఆ పని చేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. విద్యార్థి మార్కులు నలుగురిలో బయటపెట్టకూడదని 1974 నుంచి చట్టముంది. బరువు కూడా చూడను. తిండి మానేసి చిక్కిపోయే జబ్బు ఈ వయసు పిల్లల్లో ఎక్కువ, నేనన్న ఒక్క మాట చాలు దాన్ని రేపడానికి. అనుమానం వస్తే నేను సలహాలివ్వను, కౌన్సిలర్ దగ్గరికి పంపుతాను.

అన్నిటికన్నా కష్టం వంగడం నేర్పడం. నవ్వకు. కింద పెట్టె తియ్యమంటే పిల్లలు వీపు గుండ్రంగా చేసి నడుం దగ్గర వంగుతారు, తుంటి కదలదు. పీవీసీ పైపు ముక్క వీపు మీద నిలువుగా పట్టుకోమంటాను. తల వెనక, వీపు మధ్య, వెన్ను చివర, మూడుచోట్లా ఆనాలి. ఆ మూడూ వదలకుండా పిరుదులు వెనక్కి నెడుతూ వంగాలి. చాలామందికి మొదటి రోజు రాదు. మన పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే తుంటి దగ్గర వంగుతారని చెబితే పిల్లలు వీడియో వెతికి మరీ చూశారు. (అలాగని వాళ్లకి నడుంనొప్పి ఉండదని కాదు. రోజంతా వంగితే ఎవరికైనా వస్తుంది. అదీ చెప్పాను.) గొంతుక్కూర్చోమంటే సగం మందికి మడమలు లేచిపోతాయి. చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి. మడమల కింద పల్చటి ఇనుప ప్లేటు పెట్టి మొదలుపెట్టిస్తాను.

ఆడపిల్లలు బార్‌బెల్ (రెండు చివరలా బరువులు తగిలించే ఇనుప కడ్డీ) దగ్గరికి రావడానికి జంకుతారు. కండలొచ్చి మగరాయుడిలా అయిపోతామని భయం. అప్పుడు మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయిని చూపిస్తాను. సిడ్నీ ఒలింపిక్స్, 2000, బరువులెత్తే పోటీలో కరణం మల్లీశ్వరి. స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు. బార్ కింద ఆమె కూర్చున్న తీరు ఆపి ఆపి చూపిస్తాను. నీకు గర్వంగా ఉంటుందని రాస్తున్నాననుకోకు, నిజంగా అంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

ఇంకోటి, నీ పదివేల అడుగుల గురించి. రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరిగి లెక్క పూర్తిచేస్తున్నావని అమ్మ చెప్పింది. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరుతో వచ్చింది. వారానికి 150 నిమిషాలు కాస్త గట్టి నడక, రెండు రోజులు కండరాలకి పని, ఇదీ నేను పిల్లలకి చెప్పేది. గట్టి నడకంటే, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. నువ్వు రోడ్డు మీద నడుస్తూ శర్మగారితో రాజకీయాలు మాట్లాడటమే కాక పద్యం కూడా పాడగలిగితే, మరీ నిదానంగా నడుస్తున్నావన్నమాట.

తిండి క్లాసు చిన్నది. 355 మిల్లీలీటర్ల కోక్ డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. దాన్ని చెంచాతో కొలిచి గ్లాసులో పోయిస్తాను, పది చెంచాలకి కాస్త తక్కువ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్కలో పైనుంచి కలిపిన చక్కెర రోజుకి ఆడవాళ్లకి 25 గ్రాములు, మగవాళ్లకి 36 దాటకూడదు. ఇక్కడి మెస్సులో కార్డు గీకి లోపలికెళ్తే ఎంత తిన్నా అడిగేవాళ్లుండరు. అందుకని ముందు కూరగాయల వైపు వెళ్లి సగం పళ్లెం నింపుకోండి, పిజ్జా వైపు తర్వాత వెళ్లండి అంటాను. పిజ్జా మానమంటే ఎవరూ వినరు.

మన తెలుగు ఎమ్మెస్ పిల్లలు నా క్లాసులో లేరు కానీ జిమ్‌లో కలుస్తారు. నలుగురు కలిసి ఒక అపార్ట్‌మెంటు, కుక్కర్ నిండా అన్నం, ఆవకాయ, ఆదివారం చికెన్. జిమ్‌లో చేరిన వారానికే అన్నం మానేసి ప్రొటీన్ పొడి డబ్బా కొంటారు. అన్నం మానక్కర్లేదురా, ఒక గరిటె తగ్గించి ఒక గరిటె పప్పు పెంచండి, రెండు గుడ్లు వేసుకోండి అని చెబుతాను. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2024లో ఇచ్చిన పళ్లెం బొమ్మ వాళ్ల గ్రూపులో పెట్టాను. అందులోనూ సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లే. ఒకడు పాలకూర పప్పు ఫొటో పెట్టాడు. మిగతావాళ్లు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

అసలు సంగతి అమ్మ మోకాళ్లు. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనిస్తోందని వీడియో కాల్లో చూశాను. డాక్టరుకి చూపించండి, వాయిదా వెయ్యకండి. ఆయన సరేనంటే ఈ పరీక్ష చెయ్యి. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకి ఆనించు, లేకపోతే జారుతుంది. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలదో లెక్కపెట్టు. ఆమె వయసు ఆడవాళ్లు 12 కన్నా తక్కువ లేస్తే కాళ్లలో బలం చాలనట్టు. నీ వయసు మగవాళ్లకీ అదే 12, కాబట్టి నువ్వూ చెయ్యాలి. తక్కువొస్తే ఏం చెయ్యాలో నేను రాసి పంపుతాను.

ఆదివారం ఇద్దరి అంకెలూ చెప్పండి. నీ వంతు వచ్చినప్పుడు విజిల్ అమ్మకివ్వు, నువ్వు చేతులు ఆనిస్తే లెక్కలోంచి ఆవిడే తీసేస్తుంది.

నీ
చిన్ని