టైటిళ్ల లెక్కతో పాత ఛాంపియన్లను తూచొద్దు

సంపాదకుడు గారికి,

వింబుల్డన్ టెన్నిస్ మొదలైందంటే చాలు, పత్రికల్లోనూ టీవీల్లోనూ ఒకటే చర్చ. 24 గ్రాండ్‌స్లామ్‌లు (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీల టైటిళ్లు) గెలిచిన జకోవిచ్ గొప్పా, 22 గెలిచిన నాదల్ గొప్పా, 20 గెలిచిన ఫెదరర్ గొప్పా అని. ముగ్గురూ మహా ఆటగాళ్లే, అందులో రెండో మాట లేదు. కానీ అదే పట్టికలో కిందికి వస్తే రాడ్ లేవర్ 11 దగ్గర, మెకన్రో 7 దగ్గర, ఎడ్‌బర్గ్, బెకర్ 6 దగ్గర కనబడతారు. ఆ పట్టిక ఒక్కటే చూసి పెరిగిన పిల్లలు వాళ్లని ఓ మోస్తరు ఆటగాళ్లనుకుంటున్నారు. ఇది అన్యాయం.

లేవర్ సంగతే చూడండి. 1962లో ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచాడు. తర్వాత ప్రొఫెషనల్ అయ్యాడు, అంటే డబ్బు తీసుకుని ఆడేవాడు. అప్పట్లో ఈ టోర్నీల్లోకి అమెచ్యూర్లను తప్ప ఎవరినీ రానిచ్చేవారు కాదు. దాంతో 1963 నుంచి ఐదేళ్లపాటు వాటిలో ఆడే వీలే లేకపోయింది. 24 నుంచి 29 ఏళ్ల వయసు, ఆటగాడికి అంతకన్నా మంచి కాలం ఏముంటుంది? 1968లో తలుపులు తెరిచారు. 1969లో మళ్లీ నాలుగూ గెలిచాడు. పురుషుల సింగిల్స్‌లో ఆ తర్వాత ఇంకెవరూ ఒకే ఏడాదిలో ఆ పని చేయలేదు. ఆ ఐదేళ్లను 11 అనే అంకె చెబుతుందా? స్వీడన్ ఆటగాడు బోర్గ్ కూడా అంతే. ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి ఆయన వెళ్లింది ఒక్కసారే. ఆ రోజుల్లో చాలామంది పెద్ద ఆటగాళ్లు అంత దూరం వెళ్లేవారు కాదు.

అంకెలకన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. వాళ్లు ఆడిన ఆటనే మనం మరిచిపోతున్నాం. 1974 దాకా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు పచ్చికమీదే జరిగేవి. పచ్చికమీద బంతి పైకి లేవదు, జారుకుంటూ వస్తుంది. ఎటు తిరుగుతుందో నమ్మకం లేదు. అలాంటప్పుడు బంతిని కింద పడనివ్వకుండా గాల్లోనే కొట్టేయడం, అంటే వాలీ, తెలివైన పని. సర్వ్ చేసి నెట్ దగ్గరికి పరిగెత్తే ఆట, సర్వ్ అండ్ వాలీ, అలా బలపడింది.

దాన్ని అందరికన్నా అందంగా ఆడినవాడు, నా దృష్టిలో, స్టెఫాన్ ఎడ్‌బర్గ్. పాత మ్యాచ్ ఏదైనా నిదానంగా చూడండి. బంతిని కాస్త తల వెనక్కి ఎగరేసి, నడుము విల్లులా వంచి సర్వ్ చేస్తాడు. అది భయంకరమైన వేగమేమీ కాదు. కానీ పడ్డాక ప్రత్యర్థి భుజం ఎత్తుకి లేస్తుంది. అవతలివాడు దాంతో తంటాలు పడుతుండగా ఈయన సర్వీస్ లైన్ దాకా వచ్చేసి, అవతలివాడు కొట్టే క్షణంలో రెండు పాదాలమీద చిన్న గెంతు వేసి ఆగుతాడు. ఎటైనా కదలడానికి సిద్ధం. రిటర్న్ మోకాలికన్నా కిందికి వస్తే, వంగి, రాకెట్ ఊపకుండా ఊరికే అడ్డం పెట్టినట్టు తాకించి, బంతిని కోర్టు చివర మూలకి పంపుతాడు. రెండో వాలీతో పాయింటు అయిపోతుంది. మొత్తం నాలుగైదు సెకన్లు. అందులో ఎంత లెక్క, ఎంత ధైర్యం! నెట్ దగ్గర నిలబడ్డవాడికి దాక్కునే చోటుండదు. పక్కనుంచి బంతి దూసుకుపోతే ఊరంతా చూస్తుంది. అయినా తర్వాతి పాయింటుకి మళ్లీ ముందుకే. 1989లో పారిస్ మట్టి కోర్టుమీద కూడా ఎడ్‌బర్గ్ ఇదే ఆటతో ఫైనల్‌కి వెళ్లి, మైకేల్ చాంగ్‌మీద 2-1 సెట్ల ఆధిక్యంలో ఉండి చివరికి ఓడిపోయాడు. నాకు ఆ ఓటమి చాలా గెలుపులకన్నా ఎక్కువ.

మహిళల్లో నవ్రతిలోవా ఈ ఆటతోనే వింబుల్డన్ సింగిల్స్ 9 సార్లు గెలిచింది.

ఇప్పటివాళ్లకి చేతకాక ఈ ఆట పోలేదు. వింబుల్డన్‌లో 2001 నుంచి పచ్చిక రకం మార్చారు. నేల గట్టిపడింది, బంతి పైకి లేస్తోంది. రాకెట్లకి పాలియెస్టర్ తీగలు వచ్చాక ఎంత గట్టిగా కొట్టినా బంతి టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు గిర్రున తిరుగుతూ, కోర్టులోనే పడుతోంది, నెట్ దగ్గరున్నవాడి పాదాలమీద దిగుతోంది. 2001 ఫైనల్లో ఇవానిసెవిచ్, రాఫ్టర్ ఇద్దరూ నెట్‌కి పరిగెత్తినవాళ్లే. సరిగ్గా ఏడాదికి, హెవిట్, నల్బాండియన్ ఫైనల్లో సర్వ్ అండ్ వాలీ ఒక్క పాయింటుకైనా లేదు. బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) ఆటకి పేరున్న ఒకరు, నెట్ ఆటకి పేరున్న మరొకరు పోరాడిన 1980 నాటి బోర్గ్, మెకన్రో ఫైనల్ లాంటిది అందుకే ఇప్పుడు అరుదు. నాలుగో సెట్‌ని తేల్చే టైబ్రేక్ 18-16 దాకా సాగిన మ్యాచ్ అది.

మనకి ఇది పరాయి ఆట కూడా కాదు. రామనాథన్ కృష్ణన్ 1960, 61 వింబుల్డన్‌లలో సెమీఫైనల్ ఆడారు. విజయ్ అమృత్‌రాజ్ 1973లో అప్పటి యూఎస్ ఓపెన్ వేదిక ఫారెస్ట్ హిల్స్ పచ్చికమీద లేవర్‌నే ఓడించారు. లియాండర్ పేస్ 1998లో అమెరికా ఆటగాడు సంప్రాస్‌ని మట్టికరిపించాడు. విజయ్‌నీ పేస్‌నీ 2024లో టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు మన పత్రికల్లో వచ్చింది నాలుగు ముక్కలే. మన సాకేత్ మైనేని, సానియా మీర్జా కలిసి 2014 ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చారు. డబుల్స్ అంటే సగం నెట్ దగ్గరి పనే కదా.

అయినా మన కోచింగ్ కేంద్రాల్లో పిల్లలు గంటలకొద్దీ బేస్‌లైన్ దగ్గరే బాదుతుంటారు. వాలీకి చివర్లో పది నిమిషాలు మిగిలితే మిగిలినట్టు. పన్నెండేళ్ల పిల్ల నెట్‌కి వస్తే తలమీదుగా లాబ్ వేస్తారు, మ్యాచ్ పోతుంది, ర్యాంకు పడిపోతుందని తల్లిదండ్రులకు టెన్షన్. సంప్రాస్‌కి 14 ఏళ్లప్పుడు కోచ్ రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ మాన్పించి ఒంటిచేత్తో ఆడించాడు. ఆ మార్పుతో జూనియర్ మ్యాచ్‌లు చాలా ఓడాడు. 19 ఏళ్లకి యూఎస్ ఓపెన్ గెలిచాడు, తర్వాత వింబుల్డన్ ఏడుసార్లు. రెండు రాష్ట్రాల టెన్నిస్ సంఘాలు పన్నెండేళ్లలోపు టోర్నీల్లో సింగిల్స్‌కి పేరిచ్చిన ప్రతివారూ డబుల్స్ కూడా ఆడాలని నిబంధన పెడితే బాగుంటుంది. ఖర్చు పెద్దగా ఉండదు.

మీ పత్రికకి నా విన్నపం ఒకటే. వచ్చే వింబుల్డన్ రెండు వారాలూ క్రీడా పేజీలో రోజుకొక పాత ఛాంపియన్ గురించి రాయించండి. ఎన్ని టైటిళ్లన్నది ఒక వాక్యంలో చెప్పి, మిగతా చోటంతా ఎలా ఆడారన్నదానికి ఇవ్వండి. లేవర్‌తో మొదలుపెట్టండి. కృష్ణన్‌ని మాత్రం మరిచిపోవద్దు.

ఇట్లు
మీ పాఠకుడు,
గుంటూరు