తుపాకీ పెట్టె చూడడానికి ఒక్కసారి ఎవరినైనా పంపండి

హోం శాఖ బాధ్యతలు చూస్తున్న మంత్రి గారికి నమస్కారం.

నేను సైన్యంలో పనిచేసి రిటైరై వచ్చినవాణ్ణి. దేవరకొండ వైపు ఒక పల్లెలో ఉంటాను. నాకు లైసెన్సు ఉన్న 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ ఒకటుంది. ఏడాదిగా అది ఇంట్లో లేదు. రెన్యువల్ ఫైలు మీద ‘భద్రపరిచే చోటు పరిశీలించాలి’ అని రాశారు. పరిశీలించడానికి ఎవరూ రాలేదు. ఈలోపు లైసెన్సు గడువు దాటింది, తుపాకీని డిపాజిట్ చేయమన్నారు, అప్పగించాను. ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడు రసీదులూ నా దగ్గరున్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ లేదు. అందుకే నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

2016 ఆయుధాల నియమాల ప్రకారం తుపాకీని భద్రంగా ఉంచుతామని లైసెన్సుదారు రాసివ్వాలి. నేను రాసిచ్చాను. అయితే భద్రంగా అంటే ఎట్లా సార్? రేకు ఎంత మందం ఉండాలి, తాళం ఎట్లాంటిది కావాలి, నేలకు బిగించాలా గోడకా? ఒకరు బీరువా చాలన్నారు. ఇంకొకరు గోడలో కట్టించుకోమన్నారు. మూడో ఆయన ఏదైనా పెద్ద లాకర్ కొనుక్కోమన్నారు. ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు.

నిజం చెప్పాలంటే నన్ను భయపెట్టింది మీ నియమం కాదు, నా మనవడు. మూడేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో వచ్చాడు, అప్పుడు ఆరేళ్లవాడు. తుపాకీని గొంగడిలో చుట్టి అటక మీద పెట్టేవాణ్ణి. ఓ పొద్దున లేచి చూస్తే వాడు వడ్ల బస్తాలెక్కి ఆ గొంగడి కొస పట్టుకొని లాగుతున్నాడు. తుపాకీ ఖాళీగానే ఉంది, తూటాలు వేరే చోట ఉన్నాయి. అయినా అప్పుడు నా కాళ్లు వణికినట్టు ఉద్యోగంలో ఎన్నడూ వణకలేదు. పిల్లల చేతికీ దొంగ చేతికీ అందని పెట్టె కావాలని ఆ రోజే అనుకున్నాను.

నల్లగొండలో తిరిగాను, హైదరాబాద్‌లో తిరిగాను. బీరువా రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, గడ్డపార మొన దూర్చితే తలుపు వంగిపోతుంది. నగల సేఫులు గట్టివే గానీ పొట్టివి. తుపాకీ విప్పి పెట్టినా బ్యారెల్ 30 అంగుళాలు, అందులో పట్టదు. చివరికి ఒక వెల్డింగ్ షాపులో 6 మిల్లీమీటర్ల ప్లేటుతో ఐదడుగుల పెట్టె చేయించాను. లోపల తూటాలకు వేరే తాళంతో చిన్న అర కూడా పెట్టించాను. ఆ ప్లేటు చదరపు మీటరుకు 47 కిలోలు తూగుతుంది. కాటా మీద పెడితే మొత్తం 160 కిలోలు వచ్చింది.

దాన్ని ఇంటికి తేవడం ఒక యుద్ధమే అయింది. ట్రాక్టర్ ట్రాలీలో పాత టైర్లు పరిచి పడుకోబెట్టి తెచ్చాం. తలుపు ఒక్కటే ముప్పై కిలోలకు పైగా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని ఊడదీశాం. మిగతాదాన్ని నలుగురు హమాలీలు పైపుల మీద దొర్లిస్తూ లోపలికి తోశారు. గడప దగ్గర జారి ఒకతని వేలు నలిగింది. అతనికి కట్టు కట్టించి, రెండు రోజుల కూలి ఇచ్చి పంపాను. ఏ గదిలో పెట్టానో ఇక్కడ రాయను.

ఇంత బరువు పెట్టెను ఎవరెత్తుకుపోతారులే అన్నారు మావాళ్లు. నలుగురు లోపలికి తెచ్చినదాన్ని నలుగురు బయటికీ తీసుకుపోగలరు కదా. మా ఇంట్లో నేల షాబాదు బండలు, కింద మట్టి. బండకు బోల్టు వేస్తే బండతో సహా లేచొస్తుంది. అందుకే బండ తీయించి, అడుగున్నర లోతు తవ్వించి, కాంక్రీటు పోయించి, అందులో నాలుగు బోల్టులు నిలబెట్టించాను. పది రోజులు నీళ్లు పట్టాక పెట్టెను వాటి మీదికి దించి బిగించాం. నట్లు పెట్టె లోపలే ఉంటాయి, తాళం తీస్తే తప్ప చెయ్యి అందదు.

పెన్షన్ డబ్బుల్లోంచి 40 వేలు అయ్యాయి. ఇప్పుడు ఆ పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు తప్ప ఏమీ లేవు. ఇంటామె పట్టా పాసుపుస్తకాలు పెట్టుకుందామంటే వద్దన్నాను. తుపాకీ కోసమని రాసిచ్చిన పెట్టె అది.

ఎన్నికలప్పుడు తుపాకీ అప్పగించమంటే ఇవ్వనన్నవాణ్ణి కాదు. 2021లో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక, 2022లో మునుగోడు, 2023లో అసెంబ్లీ, 2024లో పార్లమెంటు, ప్రతిసారీ అడిగిన రోజే డిపాజిట్ చేశాను. ఎవరి తుపాకీ తీసుకోవాలో ఒక్కొక్కరిదీ చూసి తేల్చడానికి స్క్రీనింగ్ కమిటీ ఉంటుందని తెలిసినా వాదించలేదు. ఒకసారి బ్యారెల్ లోపల తుప్పు మచ్చలతో తిరిగొచ్చింది, నేనే తుడుచుకున్నాను. ఇప్పుడు నా తుపాకీ నూనె ముఖం చూసి ఏడాదైంది. పెట్టె ఇంట్లో, తుపాకీ డిపాజిట్‌లో. నాకు రాత్రిళ్లు అదే టెన్షన్.

2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు, సంతోషం. కానీ పరిశీలనకు ఒక మనిషి రావడానికే ఏడాది సరిపోకపోతే ఎట్లా సార్? పెట్టె ఎట్లా ఉండాలో తెలుగులో ఒక్క పేజీ రాయించండి. దరఖాస్తు ఇచ్చాక ఇన్ని రోజుల్లో వచ్చి చూస్తారని ఒక గడువు పెట్టండి. నా పెట్టెలో లోపముంటే చెప్పండి, మళ్లీ చేయిస్తాను. బాగుంటే బాగుందని ఫైలు మీద ఒక్క ముక్క రాయించండి. దయచేసి ఎవరినైనా పంపండి సార్.

వచ్చే సోమవారం నాలుగో అర్జీతో ప్రజావాణికి వస్తాను. వచ్చే అధికారి ముందు రోజు ఫోన్ చేస్తే చాలు, బస్టాండు దగ్గర బండి పెట్టుకొని ఎదురుచూస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక మాజీ సైనికుడు,
నల్లగొండ జిల్లా