పోస్టరు మీద ఆ రెండో పేరేదీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

గత నెల మన నగరంలో ఒక బృందం ఇంగ్లిష్‌లో ఆడిన ‘టార్ట్యూఫ్’ నాటకం చూశాను. పోస్టరు మీదా, టికెట్టు మీదా నాటకకర్త మోలియేర్ పేరొక్కటే ఉంది. ఆయన 1673లోనే పోయాడు, రాసింది ఫ్రెంచిలో. మరి మేం విని నవ్విన ఇంగ్లిష్ ఎవరిది? ప్రాసలు చెవిన పడగానే పోల్చుకున్నాను. అమెరికన్ కవి రిచర్డ్ విల్బర్ 1963లో చేసిన అనువాదం, ఏళ్లుగా నా అలమరలో ఉన్న పుస్తకం. ఆయన పేరు ఎక్కడా వేయలేదు. నిర్వాహకుల్ని అడిగితే, ‘అదెవరు చూస్తారండీ’ అన్నారు. మనసు చివుక్కుమంది.

టార్ట్యూఫ్ ఒక దొంగభక్తుడు; ఇంటి యజమాని ఓర్గాన్ అతణ్ణి నమ్మి ఇంట్లో పెట్టుకుంటాడు. మొదటి అంకంలో ఊరినుంచి వచ్చిన ఓర్గాన్ ఇంటి సంగతులడుగుతాడు. అమ్మగారికి జ్వరం, తలనొప్పి అని పనిమనిషి డోరీన్ చెబుతుంటే, ‘మరి టార్ట్యూఫ్?’ అంటాడు. ఆయన రెండు కౌజుపిట్టలూ, సగం గొర్రె తొడా లాగించాడని ఆమె చెబితే, ‘అయ్యో పాపం!’ అంటాడు. నాలుగుసార్లూ ఇదే వరస, నాలుగుసార్లూ హాలు ఘొల్లుమంది. ఆ ‘పాపం’ ఎక్కడ పడాలో అనువాదకుడు కొలిచి కూర్చాలి. ఫ్రెంచి పాదానికి 12 అక్షరాలు. విల్బర్ ఇంగ్లిష్‌లో పదింటికి కుదించి, జంట ప్రాసల్నీ నిలబెట్టాడు. ఎంత కష్టం!

అందరూ ఒకేలా చేయరు కూడా. టోనీ హారిసన్ 1973లో లండన్ నేషనల్ థియేటర్ కోసం, మోలియేర్‌దే 1666 నాటి మరో నాటకం ‘మిజాంత్రోప్’ను 300 ఏళ్లు ముందుకు జరిపి, అధ్యక్షుడు డీగాల్ కాలపు ఫ్రాన్సులో పెట్టాడు. 2018లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి అనిల్ గుప్తా, రిచర్డ్ పింటో రాసిన ‘టార్ట్యూఫ్’ అయితే బర్మింగ్‌హామ్‌లోని ఒక పాకిస్తానీ కుటుంబంలో నడుస్తుంది. అన్నిటికీ మోలియేర్ పేరొక్కటే తగిలిస్తే, చూడబోయేది ఏదో టికెట్టు కొనేవాళ్లకు తెలిసేదెలా?

మోలియేర్ ఫ్రెంచి మూలాన్ని ఎవరైనా ఆడుకోవచ్చు. విల్బర్ మాత్రం 2017లో మరణించారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి. ఆయన మాటలు ఆడాలంటే అనుమతి తీసుకోవాలి, పేరూ వేయాలి.

మీ పత్రికకు ఒక మనవి. ‘నేటి కార్యక్రమాలు’లో అనువాద నాటకం వేసినప్పుడు అనువాదకుల పేరు కూడా అచ్చువేయండి. నిర్వాహకులు పంపకపోతే ఒక్క ఫోను చేసి అడగండి.

పాఠకురాలు,
సికింద్రాబాద్