ఫైర్ వార్డెన్ ఆరింటికే ఇంటికెళ్లిపోతే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ వారంలో ఆఫీసులకు ఎక్కడ లేని భక్తి పుట్టుకొస్తుంది. పార్కింగ్‌లో రేకు తొట్టిలో డీజిల్ పోసి మంట పెడతారు, మంటలార్పే సిలిండర్ పిన్ను ఎలా లాగాలో చూపిస్తారు, ఇద్దరు ముగ్గురు మేనేజర్లు ఎర్ర జాకెట్లు వేసుకుని ఆ మంట ఆర్పి ఫొటో దిగుతారు, తర్వాత సమోసాలు. ఆ ఫొటోలో ఉన్నవాళ్లే ఇక ఏడాదంతా మన ఫ్లోర్‌కి ఫైర్ వార్డెన్లు.

సిలిండర్ వాడటం నేర్పొద్దని అనను. కాకపోతే ఆరు కిలోల పౌడర్ సిలిండర్ నొక్కితే పట్టుమని అర నిమిషం కూడా రాదు, చెత్తబుట్ట అంటుకుంటే దాంతో సరిపెట్టొచ్చు, అంతకు మించితే వార్డెన్ చేయాల్సింది జనాన్ని కిందికి దింపడమే. అది పార్కింగ్‌లో వచ్చే విద్య కాదు. తన ఫ్లోర్‌లోనే తిరిగి నేర్చుకోవాలి. రెండో మెట్ల దారి ఎటు, ఆ తలుపు నెడితే తెరుచుకుంటుందా లేక దాని ముందు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయా, వాష్‌రూముల్లోకీ సర్వర్ రూములోకీ ఎవరు తొంగి చూస్తారు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాల్‌లో ఉన్నవాడిని ఎవరు లేపుతారు, మెట్లు దిగలేని మనిషిని ఎవరు పట్టుకుంటారు, పొగ కమ్మేస్తే నేలకి వంగి వెళ్లాలని ఎంతమందికి తెలుసు.

మేం పనిచేసే కాంప్లెక్స్‌లో ఈమధ్య ఫైర్ డ్రిల్ పెట్టారు, అంటే మంటలొస్తే ఎలా బయటపడాలో సాధన. ముందు రోజే మెయిల్ వచ్చింది కాబట్టి అందరూ ఫోన్లూ పర్సులూ సర్దుకుని సిద్ధంగా ఉన్నారు, బెల్లు మోగగానే సగం మంది లిఫ్ట్ దగ్గర నిలబడ్డారు! కింద వార్డెన్ హెచ్ఆర్ లిస్టు పట్టుకుని పేర్లు పిలిచి అందరూ వచ్చేశారని చెప్పేశాడు. అప్పటికి ప్యాంట్రీలో ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు కడుగుతూనే ఉన్నారు. వాళ్లది ఏజెన్సీ ఉద్యోగం, మా లిస్టులో వాళ్ల పేర్లుండవు, డ్రిల్ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు కూడా.

నా గోడు అక్కడే. సికింద్రాబాద్‌లో ఏడాది తిరక్కుండా ప్రాణాలు తీసిన మూడు అగ్నిప్రమాదాలు గుర్తు చేసుకోండి. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాం, తెల్లవారుజామున, పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు. అదే ఏడు సెప్టెంబర్‌లో రూబీ హోటల్, రాత్రిపూట, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల దగ్గర పుట్టిన పొగ పైకెక్కి 8 మంది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్, అది కూడా పొద్దుగూకాకే, ఐదో అంతస్తులో పొగకు ఊపిరాడక ఆరుగురు, అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు. ఈ మూడూ మేనేజర్లు సీట్లో ఉండే వేళల్లో జరిగినవి కావు. ఆ వేళకి ఏ బిల్డింగ్‌లోనైనా ఉండేది సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, సెకండ్ షిఫ్ట్ పిల్లలు. వార్డెన్ శిక్షణ మాత్రం వాళ్లలో ఒక్కరికీ ఉండదు. దొంగల భయంతో మెట్ల తలుపుకి తాళం వేస్తారు, ఆ చెవి అడ్మిన్ సొరుగులో ఉంటుంది, అడ్మిన్ ఆరింటికి ఇంటికెళ్లిపోతాడు.

చట్టాల్లో లేక కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్‌లోనే తప్పించుకునే దారులు కార్మికులందరికీ తెలిసుండాలని, తగిన శిక్షణ ఇవ్వాలని రాశారు. ఎత్తయిన భవనాల్లో ఆరు నెలలకోసారైనా డ్రిల్ జరపాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. మన కాంప్లెక్సుల్లో అంతస్తుకో కంపెనీ, కింద షాపులు, సెల్లార్‌లో గోదాం, ఎవరి డ్రిల్ వాళ్లది. అందరూ కలిసి ఒకేసారి మెట్ల మీదికి వస్తే ఏమవుతుందో చూసినవాళ్లు లేరు.

అగ్నిమాపక శాఖ వారిని కోరేది ఏమిటంటే, ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) రెన్యువల్‌కి వార్డెన్ల పేర్ల కాగితం తీసుకుని ఊరుకోకండి. షిఫ్టుకో వార్డెన్ ఉన్నాడా అని అడగండి, ఏ రోజో చెప్పకుండా రాత్రి ఎనిమిదింటికి వచ్చి గేటు దగ్గరున్న గార్డుని రెండో మెట్ల దారి చూపించమనండి. ఆ గార్డుకి ఒక పూట శిక్షణ ఇవ్వాలంటే ఆ పూట జీతం ఎవరిస్తారని ఏజెన్సీ కంపెనీ వైపు, కంపెనీ ఏజెన్సీ వైపు చూస్తున్నాయి, కార్మిక శాఖ ముందు ఆ పంచాయితీ తేల్చాలి.

- ఒక ప్రైవేటు ఉద్యోగి, సికింద్రాబాద్