బిస్బీ బాయి దిగొచ్చాక ఇల్లందు గురించి

సంపాదకులకు నమస్కారం.

మాది ఇల్లందు. సింగరేణిలో ముప్పై ఏళ్లకు పైగా బాయి పని, అంటే బొగ్గు గనిలో దిగి పని, చేసి రిటైరయ్యాను, ఇప్పుడు అమెరికాలో మా అమ్మాయి దగ్గర టూసాన్‌లో ఉన్నాను. పోయిన శనివారం మా అల్లుడు "మామయ్యా, అది కూడా మీ ఊరిలాంటిదే" అని బిస్బీ అనే ఊరికి తీసుకెళ్లాడు. మెక్సికో సరిహద్దు దగ్గర, కొండల మధ్య ఉంటుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేశాం, కానీ అప్పటినుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను.

అక్కడ 1880ల నుంచి రాగి తవ్వారు. రోడ్డు పక్కనే లావెండర్ పిట్ అని పెద్ద ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే గని) ఉంది, 900 అడుగుల లోతు, ఎర్రమట్టి రంగు మెట్లు మెట్లుగా కిందికి దిగిపోతుంది. 1974లో అది ఆగింది, మరుసటి ఏడాది అండర్‌గ్రౌండ్ కూడా మూసేశారు. జీతాలు పోతే ఊళ్లో ఇంకేం ఉంటుంది, జనం సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. కార్మికుల ఇళ్లు చవగ్గా అమ్ముడుపోతుంటే బొమ్మలు వేసేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, పాటలు కట్టేవాళ్లు వచ్చి కొనుక్కున్నారట. ఇవాళ ఆ కొండ వాలు మీద ఇళ్లన్నీ రంగురంగులుగా ఉన్నాయి, పాత బడి భవనంలో కళాకారులు గదులు తీసుకుని పని చేసుకుంటున్నారు. ఎక్కడ చూసినా మెట్లే, మోకాళ్ల నొప్పితో సగం దాకా ఎక్కి కూర్చున్నాను.

అయితే నన్ను కదిలించింది ఆ దుకాణాలు కాదు, బాయి. క్వీన్ మైన్ అనే పాత గనిని 1976 నుంచి చూడ్డానికి తెరిచి పెట్టారు, అంటే ఊళ్లో గనుల పని ఆగిన ఏడాదికే. టికెట్ తీసుకుంటే హెల్మెట్, లైటు ఇచ్చి చిన్న రైలు మీద 1,500 అడుగులు కొండ లోపలికి తీసుకెళ్తారు. బయట ఎండ మాడుస్తుంటే లోపల చలి. దారి చూపిస్తూ మాతో వచ్చిన పెద్దాయన అక్కడి గని కంపెనీలోనే పని చేసినవాడు. డ్రిల్లింగ్ ఎలా చేసేవాళ్లో, ఏ రంధ్రం ముందు పేలాలో, ఏది తర్వాత పేలాలో చేత్తో చూపిస్తూ చెప్పాడు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా ఆయన గోడ మీద చెయ్యి పెట్టి పైకప్పు వంక చూసిన తీరు చూడగానే ఇది మనవాడే అనిపించింది, ఎందుకంటే బాయిలో పని చేసిన ఎవడైనా ముందు పైకప్పే చూస్తాడు. నేను కూడా కోల్‌మైన్ మనిషినని అల్లుడు చెప్తే ఆయన వచ్చి చెయ్యి కలిపాడు, చాలాసేపు వదల్లేదు.

ఇంకో సంగతి తప్పక చెప్పాలి. 1917 జులై 12న ఇక్కడ సమ్మె చేస్తున్న కార్మికులు, వాళ్లకు అండగా నిలిచినవాళ్లు దాదాపు 1,200 మందిని తుపాకులతో చుట్టుముట్టి, బాల్ గ్రౌండ్‌కి నడిపించి, పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి న్యూమెక్సికో ఎడారిలో వదిలేశారు. వాళ్లు అడిగిందేమిటి? మనుషులు లోపల ఉండగా బ్లాస్టింగ్ చేయొద్దు, డ్రిల్ మెషిన్ మీద ఇద్దరుండాలి, రోజు కూలి సరిగ్గా ఇవ్వాలి. బాయిలో పని చేసినవాడికి ఇవి ఎంత చిన్న కోరికలో తెలుసు. ఇంత జరిగినా ఆ ఊరు దాన్ని దాచుకోలేదు, మ్యూజియంలో అందరికీ చెప్తోంది. అందుకే ఆ ఊరంటే నాకు గౌరవం కలిగింది.

ఇక మన సంగతి. సింగరేణి బొగ్గు మొదలైందే మా ఇల్లందులో, 1889లో. చుట్టుపక్కలవాళ్లు మా ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అనే పిలుస్తారు. అలాంటి చోట ఇంక్లైన్లు (వాలుగా లోపలికి దిగే బాయిలు) ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గు నింపినవాళ్లు, టబ్బులు (పట్టాల మీది బొగ్గు తొట్లు) తోసినవాళ్లు కొద్దిమందే మిగిలారు, వాళ్లలోనూ చాలామంది దగ్గుతో మంచం పట్టారు. రామగుండం వైపు సింగరేణి దర్శన్ అని ఆర్టీసీ బస్సు వేశారు, మంచిదే, కానీ తొలి బొగ్గు తీసిన ఊళ్లో ఏముంది?

రాగి గనికీ బొగ్గు గనికీ తేడా ఉందని నాకు తెలుసు. బొగ్గులో గ్యాస్ ఉంటుంది, మూసిన బాయిలో నీళ్లు నిండుతాయి, పైకప్పు నమ్మడానికి లేదు. అందుకే లోతుకు తీసుకెళ్లమని అడగడం లేదు. ఒక ఇంక్లైన్ మొదట్లో కొంత దూరం వరకు సపోర్టులు బిగించి, గాలి ఆడేలా చేసి తెరవండి. ల్యాంప్‌రూం, హాజరు గది, టబ్బులు లాగే హాలేజ్ ఇంజను పాత ఇనుము కింద తూకానికి వేయకుండా అలాగే ఉంచండి. మా తరం వాళ్లను రోజుకు కొంత కూలి ఇచ్చి చెప్పడానికి పెట్టండి. క్వార్టర్లు ఖాళీగా కూలిపోయే బదులు నాలుగు బొమ్మలు వేసేవాళ్లకు ఇస్తే ఇవ్వండి, అయితే అందులో ఉంటున్న పాతవాళ్లను మాత్రం కదిలించొద్దు, ఎందుకంటే బిస్బీలో ఇళ్ల ధరలు ఇప్పుడు బాగా పెరిగిపోయాయని అక్కడి ఒక దుకాణం ఆమె బాధపడుతూ చెప్పింది.

వచ్చే నెల ఇల్లందు వస్తున్నాను. యాజమాన్యం, యూనియన్లు, ప్రజాప్రతినిధులు ఎవరు పిలిచినా వస్తాను. నా దగ్గర పాత టోకెన్ బిళ్ల, క్యాప్ ల్యాంప్ బెల్టు ఉన్నాయి, ముందు అవి ఇస్తాను.

– ఒక విశ్రాంత సింగరేణి కార్మికుడు, ఇల్లందు