పొరపాటున క్షిపణి వెళ్తే వెంటనే చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

స్టాన్లీ కుబ్రిక్ 1964లో తీసిన 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' సినిమా ఇన్నాళ్లకు మొదటిసారి చూశాను. అణుయుద్ధం మీద తీసిన హాస్యచిత్రం అది. మతి తప్పిన ఒక అమెరికన్ జనరల్ పైవాళ్లను అడక్కుండానే సోవియట్ యూనియన్ మీదికి బాంబర్లను పంపేస్తాడు. వాటిని వెనక్కి పిలిచే కోడ్ ఏమిటో ఒక బ్రిటిష్ అధికారి పసిగడతాడు. అధ్యక్షుడికి చెబుదామంటే అక్కడ దొరికింది చిల్లర వేసి మాట్లాడే ఫోను. ఆయన దగ్గర సరిపడా చిల్లర లేదు. పక్కనున్న కోకాకోలా మెషీన్‌ని తుపాకీతో కాల్చి చిల్లర తియ్యమని బతిమాలితే, అది ప్రైవేటు ఆస్తి అంటాడు ఎదురుగా ఉన్న కల్నల్! నవ్వుతూనే ఉన్నాను, లోపల మాత్రం ఒకటే టెన్షన్.

నిజంగా ఇలా జరగకుండా తగిన జాగ్రత్తలు ఉన్నాయని అమెరికా వైమానిక దళం మాటగా సినిమా మొదట్లోనే ఒక ప్రకటన వేశారు. అలాంటి హామీలు నాకు ధైర్యం ఇవ్వడం లేదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియా చన్నూ దగ్గర పడింది. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణమూ పోలేదు. అందులో వార్‌హెడ్ (పేలే భాగం) లేదన్న సంగతి అది గాల్లో ఉండగా అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? సాంకేతిక లోపం వల్ల జరిగిందంటూ మన రక్షణ శాఖ ప్రకటన ఇచ్చింది మార్చి 11న. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించారు. ఆ తర్వాత దాని ఊసే లేదు.

బాలిస్టిక్ క్షిపణులను, అంటే రాకెట్‌లా పైకి లేచి వంపు తిరిగి లక్ష్యం మీద పడేవాటిని, పరీక్షించే ముందు ఒకరికొకరు తెలియజేసుకోవాలని రెండు దేశాలూ 2005లో ఒప్పందం చేసుకున్నాయి. బ్రహ్మోస్ లాంటి క్రూయిజ్ క్షిపణులు, అంటే ఇంజిన్‌తో విమానంలా ఎగురుతూ వెళ్లేవి, అందులోకి రావు. వాటినీ చేర్చాలి. పొరపాటున ఏది సరిహద్దు దాటినా నిమిషాల్లో హాట్‌లైన్‌లో చెప్పి తీరాలన్న నిబంధన కూడా పెట్టుకోవాలి. పలకరింపులే లేని ఈ రోజుల్లో ఇదెలా కుదురుతుందని కొందరు అడగవచ్చు. అణు కేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ యుద్ధం తర్వాత కూడా అది ఆగలేదు. మరి దీనికి అడ్డేమిటి?

మన తెలుగు ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి ఈ విషయం పార్లమెంటులో అడగాలి. మీ పత్రిక కూడా దీనిమీద వాళ్లను నిలదీయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, వరంగల్