సైనిక కుటుంబాల స్మారక ఉద్యానం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంఘం చేపట్టిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది సైనికుల భార్యలు, తల్లిదండ్రులు, పిల్లల గౌరవార్థం కట్టుకున్న పార్కు. వీధి దీపాలు, ఇంకుడు గుంతలు, సీసీ కెమెరాల వివరాలు లెక్కల పత్రంతో పాటు మీకు అందాయి కాబట్టి ఇక్కడ పార్కు సంగతే రాస్తున్నాను.

కంటోన్మెంట్ పక్కనే బతికే మనకు సైనిక స్మారకాలు కొత్త కాదు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల స్మారకం ఉంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేలకు పైగా పేర్లు గ్రానైట్ మీద చెక్కి ఉన్నాయి. ఆ పేర్లలో ఒక్కోదాని వెనక ఒక్కో ఇల్లుంది. హైదరాబాద్ వాడైన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ సెక్టార్‌లో అమరుడైనప్పుడు ఆయన భార్య చారులత గర్భవతి. కూతురు అపరాజిత తండ్రిని చూడకుండానే పుట్టింది. చైనా సరిహద్దులోని గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణాలర్పించిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుకు ప్రకటించిన మహావీర్ చక్రను 2021 నవంబరులో ఆయన భార్య సంతోషి, తల్లి మంజుల కలిసి అందుకున్నారు. టీవీలో ఆ నిమిషం మనమంతా చూశాం. ఆ తర్వాతి ఏళ్లు వాళ్లెలా నెట్టుకొస్తున్నారో చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. పార్కు ఆలోచన ఇక్కడే మొదలైంది.

ఇలాంటివి వేరేచోట ఎలా కట్టారో కమిటీ వాకబు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఇవో జిమా పోరులో అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన వుడీ విలియమ్స్ పూనికతో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 2013లో అమరుల కుటుంబాల కోసం ఒక స్మారకం వెలిసింది. తర్వాత ఆ దేశమంతటా అలాంటివే కట్టారు. నల్ల గ్రానైట్ పలకల మధ్య సెల్యూట్ చేస్తున్న సైనికుడి ఆకారం మేరకు ఖాళీ వదిలారు. మనిషి ఉండాల్సిన చోట అవతలి ఆకాశం కనిపిస్తుంది. ఫొటోలు చూసినవాళ్లందరికీ గుండె బరువెక్కింది. అయినా దాన్నే ఇక్కడ దించవద్దనుకున్నాం. మన కాలనీలో అమరుల ఇళ్ల కన్నా, భర్త సరిహద్దులో ఉంటే ఇక్కడ పిల్లల్ని, అత్తమామల్ని ఒంటిచేత్తో చూసుకుంటున్న ఇళ్లే ఎక్కువ. వాళ్లది కూడా సేవే. పార్కు వాళ్లకూ చెందాలి.

అందుకే పార్కు మధ్యలో విగ్రహం లేదు, ట్రంకు పెట్టెలున్నాయి. ఫౌజీ ఇళ్లలో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నల్ల రంగు ఇనప పెట్టె, మూత మీద తెల్ల పెయింట్‌తో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. బదిలీ వచ్చిన ప్రతిసారీ సంసారమంతా అందులోకే సర్దాలి. కొత్త క్వార్టర్ చేరాక అదే పెట్టె మీద దుప్పటి పరిస్తే సోఫా, పుస్తకం పెడితే పిల్లల చదువు బల్ల. ఆ కొలతలతోనే నల్ల రాతితో బెంచీలు చేయించాం. గొళ్లెం, పక్కల పిడులు కూడా రాతిలోనే తీర్చారు. మూత మీద ఏ పేరూ లేదు. ‘56 ఏపీఓ’ అని, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు మాత్రం చెక్కించాం. భర్త సరిగ్గా ఎక్కడ ఉన్నాడో తెలియక ఆ అడ్రసుకే ఇన్‌లాండ్ లెటర్లు రాసిన అమ్మలు మనలో చాలామంది ఉన్నారు. ప్రారంభం రోజు ఒకావిడ ఆ అంకెలను వేలితో నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు. ఎవరూ పలకరించలేదు.

పేర్లు చెక్కించే విషయమై కమిటీలో గట్టి వాదనే జరిగింది. చందా ఇచ్చినవాళ్ల పేర్లయినా ఉండాలని కొందరు, అమరుల పేర్లు తప్పనిసరని కొందరు పట్టుబట్టారు. చివరికి పేరూ వద్దు, ర్యాంకూ వద్దు అనుకున్నాం. ఆఫీసర్ గారి భార్య, జవాను తల్లి ఒకే బెంచీ మీద కూర్చోవాలి. ఇది సరైన నిర్ణయమని నా గట్టి నమ్మకం.

కార్గిల్ విజయానికి 25 ఏళ్లు నిండిన 2024 జూలై 26న భూమిపూజ చేశాం. వానలకు కొత్తమట్టి కొట్టుకుపోయి పని కొంత ఆలస్యమైంది. అక్టోబరు 10న సద్దుల బతుకమ్మ నాటికి అక్కడింకా మట్టి కుప్పలే ఉన్నాయి. అయినా ఆట అక్కడే ఆడాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. పసుపు కుంకుమల పేరు చెప్పి భర్త పోయిన ఆడవాళ్లను పేరంటానికి పిలవని అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. దేశం కోసం భర్తను పోగొట్టుకున్న మనిషిని పండగ పూట గుమ్మం అవతల నిలబెట్టడం కన్నా అన్యాయం ఉండదు. ఆ రోజు మొదటి బతుకమ్మను 1971 యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న పెద్దావిడ చేత పెట్టించాం. ఆమె ముందు ఒప్పుకోలేదు. కోడలే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పార్కులో ఏ కార్యక్రమమైనా ఇకపై ఇదే పద్ధతని తీర్మానం రాసుకున్నాం. పార్కు చుట్టూ తంగేడు వేశాం, వచ్చే ఏళ్లలో బతుకమ్మకు పూలు అక్కడివే. ఈశాన్యంలో జమ్మి నాటాం.

ఆర్మీ డే అయిన 2025 జనవరి 15న పార్కు తెరిచాం. రిబ్బన్ కత్తిరించింది పిల్లలు.

ప్రతి నెలా రెండో శనివారం పొద్దున అక్కడే పెన్షన్ సహాయం నడుస్తోంది. సైనికుల సర్వీసు వివరాలుండే రికార్డ్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన సభ్యులు కూర్చుంటున్నారు. వస్తున్న సమస్యల్లో ఎక్కువ పేర్ల తేడాలే. సర్వీసు రికార్డులో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, బ్యాంకులో పొడి అక్షరం. సైనిక పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్‌లో అవి కలవకపోతే ఫ్యామిలీ పెన్షన్‌కు టెన్షన్ మొదలు. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే కుటుంబ వివరాలను సర్వీసు రికార్డుకెక్కించే ఉత్తర్వులో ఎక్కాయో లేదో సర్వీసులో ఉన్నవాళ్లు ఇప్పుడే చూసుకోండి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నవారికి 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనంగా వస్తుంది. ఈ సంగతి తెలియని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి మీ ఇరుగుపొరుగుకు చెప్పండి.

నివేదిక కాలం దాటినా ఒకటి రాయాలి. 2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా యువకుడు, అగ్నివీర్‌గా (నాలుగేళ్ల సర్వీసుకు) సైన్యంలో చేరిన మురళీ నాయక్ నియంత్రణ రేఖ వద్ద అమరుడైన వార్త వచ్చిన సాయంత్రం, ఎవరూ పిలవకుండానే చాలామంది పార్కుకు వచ్చారు. అగ్నివీర్‌ల కుటుంబాలకు నెలవారీ పెన్షన్ లేదు. 48 లక్షల బీమా, ఇతర పరిహారం ఒకేసారి వస్తాయి. ఆ డబ్బు తల్లిదండ్రుల పేరిట భద్రంగా ఉండేలా సలహా ఇవ్వగల బ్యాంకు ఉద్యోగులు మనలో ఉంటే ముందుకు రావాలి.

వచ్చే ఏడాది బెంచీల పైన నీడ కోసం పందిరి, వీల్‌చైర్ దారి, రాత్రి కాపలా ఏర్పాటు చేయాలి. నిర్వహణ చందా పెంచే ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడుతున్నాం. పాత ఇన్‌లాండ్ లెటర్లు, ఫొటోలు ఇవ్వదలచినవారు అసలువి మీ దగ్గరే ఉంచుకుని జిరాక్స్ కాపీలు సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఇంటివాళ్ల సంతకం లేనిదే వాటిని ఎక్కడా ప్రదర్శించం.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున